ఆగడం వేరు, ఆపడం వేరు

తెలుగులో ఆగడం అనే మాట ఉంది, ఆపడం అనే మాట ఉంది. బస్సు ఆగింది అంటే స్టాపు వచ్చింది కాబట్టి ఆగింది. బస్సు ఆపారు అంటే ఎవరో చెయ్యెత్తారు. మాటలు నేర్చే వయసులోనే మనందరికీ తెలిసిపోయే తేడా ఇది. ఇంజనీరింగు చదివి, ఉద్యోగంలో చేరి, కోడు రాయడం మొదలుపెట్టాక మాత్రం ఈ రెండూ కలిపి ఒకే మాట అయిపోతాయి: పాజ్. బొమ్మల పాఠాల్లో నేను చూసిన ఇబ్బందుల్లో సగం ఇక్కడే పుట్టాయి. ఇరవై ఏళ్ళ నుంచీ ఈ పనిలో ఉన్నాను కాబట్టి, ఇది నా సొంత అభిప్రాయమే అయినా కొంచెం గట్టిగానే చెబుతా.

ఫ్లాష్ ముఖం చూడని కుర్రాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అనే పేరుతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ని మాక్రోమీడియా కొనుక్కుని ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2005 డిసెంబరులో ఆ మాక్రోమీడియానే అడోబీ కొనేసింది. తెర పైభాగంలో ఒక టైమ్‌లైను ఉండేది, అందులో వరసగా ఫ్రేములు, వాటి మీద జరుగుతూ ఒక ఎర్ర గీత. ఆ గీత ఎక్కడుంటే ఆ ఫ్రేములో బొమ్మ కనిపిస్తుంది. అప్పట్లో మనం ఏమీ ముట్టుకోకపోతే సెకనుకి 12 ఫ్రేములు. ఏ ఫ్రేము మీదైనా నాలుగు ముక్కలు యాక్షన్‌స్క్రిప్టు రాసుకోవచ్చు: స్టాప్, ప్లే, గోటూ అండ్ ప్లే. అంతే. ఈ మూడు మాటలతో పొట్ట పోసుకున్నవాళ్ళు హైదరాబాదులో వేలమంది ఉండేవాళ్ళు.

ఇప్పుడు మూడు సెకన్లు ఆగాలి అనుకోండి. ఒక పద్ధతి, 36 ఖాళీ ఫ్రేములు పెట్టెయ్యడం. రెండో పద్ధతి, స్టాప్ అని చెప్పి, సెట్‌ఇంటర్వల్‌తో మూడు వేల మిల్లీసెకన్ల గడియారం పెట్టి, అది మోగగానే ప్లే అనడం. 2002లో ఫ్లాష్ ఎమ్మెక్స్ వచ్చినప్పటి నుంచీ అందరం చేసింది ఇదే. మూడో పద్ధతి, స్టాప్ అని ఊరుకుని, చూసేవాడి చేతికి ఒక బటను ఇవ్వడం. చూడ్డానికి మూడూ ఒకటే పని చేస్తున్నట్టు ఉంటాయి. కాదని నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, మా బాబాయి.

బాబాయి రాజోలు పక్కన ఒక హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేవారు. 2000 దాటాక మన రాష్ట్రంలో చాలా బడులకి కంప్యూటర్లు వచ్చాయి, వాటితోపాటు పాఠాల సీడీలూ వచ్చాయి. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ లాంటివాళ్ళు తెలుగులో కూడా చేశారు. బాబాయి గారి బళ్ళో ఉన్నది ఇంకెవరిదో ప్రైవేటు కంపెనీది, పేరెందుకులెండి. 2006లో సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ సీడీ నా చేతిలో పెట్టి, "ఒరేయ్ అబ్బాయ్, దీనికి కంగారెక్కువరా. ప్రశ్న అడుగుద్ది, ఊపిరి తీసుకునే లోపు జవాబు కూడా అదే చెప్పేస్తది. మరి పిల్లోడు ఏం చెయ్యాలంట?" అన్నారు.

"పాజ్ బటను ఉంది కదా బాబాయ్, నొక్కండి."

"నొక్కుతాను. ఆగినట్టే ఉంటది. నేను బోర్డు వైపు తిరిగేసరికి మళ్ళీ దాని పాటికి అది నడిచిపోతది. దెయ్యం పట్టినట్టు!"

దెయ్యం ఏమిటో చూద్దామని ఆయనతో బడికి వెళ్ళా. పది నిమిషాల్లో దొరికింది. ప్రశ్న తెర మీదకి రాగానే టైమ్‌లైను ఆగుతోంది, లోపల మూడు సెకన్ల గడియారం మొదలవుతోంది. రెండో సెకనులో బాబాయి పాజ్ నొక్కుతున్నారు. టైమ్‌లైను అప్పటికే ఆగి ఉంది కాబట్టి ఆయన పాజ్‌కి ఆపడానికి అక్కడ ఏమీ లేదు. మూడో సెకనులో గడియారం మోగి ప్లే అంటోంది. బొమ్మ కదిలిపోతోంది, పాజ్ బటను మాత్రం నొక్కినట్టే మొహం పెట్టుకుని కూర్చుంటోంది.

అంటే బొమ్మ *ఆగింది* అన్న సంగతీ, మాస్టారు *ఆపారు* అన్న సంగతీ ఆ ప్రోగ్రాముకి ఒకటే. తేడా తెలియదు. ఆగినదాన్ని కదిలించే హక్కు గడియారానికి ఉంది సరే, మనిషి ఆపినదాన్ని కదిలించే హక్కు దానికి ఎవరిచ్చారు?

సీడీ మనది కాదు, దాన్ని బాగుచెయ్యలేం. "అయితే నువ్వే ఒకటి చెయ్యి" అన్నారు బాబాయి. ఏ పాఠం అంటే లాకుల పాఠం అన్నారు. కోనసీమలో పుట్టినవాడికి ఇంతకన్నా మంచి సబ్జెక్టు దొరకదు.

గోదావరి డెల్టా కథ మీ అందరికీ తెలిసిందే. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982కి పూర్తయింది. ఆనకట్టతోపాటు కాలువలు వచ్చాయి, కాలువలతోపాటు లాకులు వచ్చాయి. ఈ కాలువలు పొలాలకి నీళ్ళ కోసమే కాదు, రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో పడవలకి కూడా అవే దారి. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు అందరూ కాలువ మీదే. మన సీమలో బొబ్బర్లంక లాకులు, ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు చూసే ఉంటారు (లొల్ల లాకులు చూడకపోయినా సినిమాల్లో చూసి ఉంటారు). రాజోలు వైపు నీళ్ళు రావాలంటే వైనతేయ గోదారిని దాటాలి, అందుకని గన్నవరం దగ్గర నది మీద కాలువ కట్టారు. పాత అక్విడక్టు 1850ల నాటిది, కొత్తది 2000లో వచ్చింది. దానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. ఆవిడదీ ఆ ప్రాంతమే.

లాకు పని చేసే పద్ధతి ఇది. కాలువలో ఒక చోట నీళ్ళు ఎత్తుగా ఉంటాయి, దాటితే పల్లంగా ఉంటాయి. మధ్యలో ఒక గది, గదికి పైన ఒక జత తలుపులు, కింద ఒక జత తలుపులు. పల్లం నుంచి ఎత్తుకి వెళ్ళే పడవ కింది తలుపుల్లోంచి గదిలోకి వస్తుంది. కింది తలుపులు మూస్తారు. పైనున్న చిన్న తూము ఎత్తుతారు. గదిలోకి నీళ్ళు నిండుతాయి, నీళ్ళతోపాటు పడవా లేస్తుంది. గదిలో నీళ్ళూ పై కాలువ నీళ్ళూ సమానం అయ్యాక పై తలుపులు తెరుచుకుంటాయి. పడవ వెళ్ళిపోతుంది.

ఇందులో అసలు పాఠం ఒక్కటే. "మట్టాలు సమానం కాకముందే పై తలుపు తెరిస్తే ఏమవుతుంది?" ఈ ప్రశ్నకి మామూలుగా పిల్లలు చెప్పే జవాబు, నీళ్ళు ఒక్కసారి వచ్చి పడవ మునిగిపోతుంది అని. సరైన జవాబు అంతకన్నా బావుంటుంది: అసలు తెరుచుకోదు. తలుపు రెక్కలు రెండూ పై నీళ్ళ వైపు ముక్కు పెట్టి మూసుకుంటాయి కాబట్టి ఎత్తు నీళ్ళే వాటిని నొక్కి పట్టి ఉంచుతాయి. మట్టాల్లో ఒక మీటరు తేడా ఉంటే, పల్లపు నీటి మట్టం కింద ఉన్న తలుపు మీద ప్రతి చదరపు మీటరుకీ టన్ను బరువు. ఎంతమంది నెట్టినా కదలదు. సమానం అయిన క్షణంలో ఇద్దరు మనుషులు అలవోకగా తోసేస్తారు.

ఈ ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎంతసేపు ఆగాలి? మూడు సెకన్లా? ఐదా? పదా? నేను అడిగాను. బాబాయి చెప్పిన సమాధానం నా కెరీర్‌లో విన్న రిక్వైర్‌మెంట్లన్నిటిలోకీ చిన్నది, స్పష్టమైనది: "పంటులాగ."

పంటు తెలియనివాళ్ళకి: వంతెనలు రాకముందు గోదారి పాయలు దాటించిన మా బల్లకట్టు. మనుషులు, సైకిళ్ళు, మేకలు, తర్వాత్తర్వాత కార్లు కూడా ఎక్కేవి. సఖినేటిపల్లి రేవులో గానీ కోటిపల్లి రేవులో గానీ నిలబడి "పంటు ఎన్నింటికండీ?" అని అడిగితే నవ్వేవారు. పంటు టైముకి కదలదు, నిండితే కదులుతుంది. గోదారికి అవతల ఎవరో చెయ్యి ఊపుతూ పరిగెత్తుకొస్తుంటే ఇంకాస్త ఆగుతుంది కూడా. ఆయ్!

అప్పుడర్థమైంది, ఆగడంలో కూడా రకాలున్నాయని. ఒకటి, లెక్కపెట్టి ఆగడం: ఇన్ని సెకన్లు, అంతే. రెండు, లాకులాగా ఆగడం: ఫలానా పరిస్థితి వచ్చేదాకా. నీళ్ళు సమానం అయ్యేదాకా, గొంతు చెప్పేది పూర్తయ్యేదాకా. మూడు, పంటులాగా ఆగడం: మనుషులు సిద్ధమయ్యేదాకా. ఈ మూడూ కాక ఆపడం ఒకటి, అది ఎప్పుడైనా ఎక్కడైనా చెయ్యొచ్చు, ఎందుకని కూడా చెప్పక్కర్లేదు. దారిలో హెడ్మాస్టరు పిలిచారనో, వెనక బెంచీలో ఇద్దరు కొట్టుకుంటున్నారనో.

మొదటి రకం దేనికి? బొమ్మలో తలుపు మూసుకున్నాక, తూము ఎత్తే ముందు అర సెకను. కంటికి కాస్త ఊపిరి. అక్కడ గడియారం చాలు. రెండో రకం దేనికి? గొంతుకీ బొమ్మకీ పొత్తు కుదరడానికి. ఆలోచన దగ్గర మాత్రం మూడో రకం తప్ప ఇంకేదీ పనికిరాదు. ప్రశ్న దగ్గర గడియారం పెట్టడం అంటే పంటుకి టైమ్‌టేబులు వెయ్యడమే.

ఆ పాఠం ఫ్లాష్ 8లో చేసా. సెలవు రోజుల్లో, హైదరాబాదులో రూములో కూర్చుని. గొంతు బాబాయిది. ఇక్కడ కొన్ని సాంకేతిక సంగతులు చెప్పాలి, ఎందుకంటే ఇవాళ జావాస్క్రిప్టులో రాసేవాళ్ళకి కూడా ఇవే ఎదురవుతాయి, పేర్లే వేరు.

మొదటిది, ఎవరు ఆపారో గుర్తుంచుకోవడం. నేను రెండు జెండాలు పెట్టుకున్నా. ఒకటి "పాఠం ఆగింది", రెండోది "మనిషి ఆపాడు". రెండు జెండాలూ దిగితేనే ఎర్ర గీత కదలాలి. గడియారం మోగితే మొదటి జెండా దిగుతుంది, రెండోదాన్ని ముట్టుకునే అధికారం దానికి లేదు. ఇంకా మనిషి ఆపిన క్షణంలో గడియారంలో ఎంత మిగిలిందో లెక్కేసి దాచుకోవాలి. మూడు సెకన్లలో రెండు అయిపోయి ఉంటే, మళ్ళీ ప్లే నొక్కాక ఒక్క సెకనే ఆగాలి. గెట్‌టైమర్‌తో మొదలైన సమయం రాసుకుంటే తీసివేత లెక్క, అంతే. చిన్న పని, కానీ అప్పటి సీడీల్లో చేసినవాళ్ళు తక్కువ.

రెండోది, సెట్‌ఇంటర్వల్ స్వభావం. అది ఒక్కసారి మోగి ఊరుకోదు, క్లియర్ చెయ్యకపోతే ప్రతి మూడు సెకన్లకీ మోగుతూనే ఉంటుంది. పిల్లాడు వెనక్కి వెళ్ళి అదే ప్రశ్న మళ్ళీ చూస్తే రెండో గడియారం మొదలవుతుంది. మూడోసారికి మూడు గడియారాలు. ఎవరు ఎప్పుడు ప్లే అంటున్నారో దేవుడికే తెలియాలి. అందుకే కొత్తది పెట్టేముందు పాతది తీసెయ్యడం అనేది అలవాటుగా చేసుకోవాలి, దీపం పెట్టేముందు పాత వత్తి తీసేసినట్టు.

మూడోది, పిల్ల క్లిప్పులు. పెద్ద టైమ్‌లైనుని స్టాప్ అంటే అందులో ఉన్న మూవీక్లిప్పులు ఆగవు, వాటి టైమ్‌లైను వాటిదే. పడవ ఆగుతుంది గానీ నీళ్ళు పారుతూనే ఉంటాయి, జెండా ఎగురుతూనే ఉంటుంది. ఒక్కోసారి అదే అందం, కానీ గదిలోకి నీళ్ళు నిండే క్లిప్పు అలా ఆగకుండా నడిచిపోయిందనుకోండి, పాఠమే అబద్ధం అయిపోతుంది. కాబట్టి ఏది ఆగాలో ఏది ఆగక్కర్లేదో ముందే జాబితా రాసుకుని, ఆగాల్సినవాటన్నిటికీ విడివిడిగా చెప్పాలి.

నాలుగోది, గొంతు. ఫ్లాష్‌లో శబ్దం రెండు రకాలుగా పెట్టొచ్చు. ఈవెంట్ అని పెడితే ఒకసారి మొదలైతే టైమ్‌లైను ఆగినా అది ఆగదు, మాస్టారి గొంతు బొమ్మని వదిలేసి తన దారిన తను పోతుంది. స్ట్రీమ్ అని పెడితే శబ్దం టైమ్‌లైనుకి కట్టుబడి ఉంటుంది, బొమ్మ వెనకపడితే ఫ్రేములు వదిలేసి మరీ గొంతుని అందుకుంటుంది. బడి కంప్యూటర్లు పాతవి, సెకనుకి 12 ఫ్రేములు అంటే ఎనిమిదే వేసేవి. అలాంటి చోట 36 ఖాళీ ఫ్రేములు మూడు సెకన్లు కాదు, నాలుగున్నర సెకన్లు. స్ట్రీమ్ శబ్దంలో మూడు సెకన్ల మౌనాన్ని కూడా రికార్డు చేసి పెడితే ఆ గొడవ లేదు. అంటే గొంతే గడియారం. మౌనం కూడా పాటలో భాగమే అని హరికథ చెప్పేవాళ్ళకి ఎప్పుడో తెలుసు.

ఐదోది, కరెంటు. ఇది ఏ యానిమేషన్ పుస్తకంలోనూ ఉండదు. మా వైపు ఎండాకాలం కరెంటు పోవడం కూడా పాఠాన్ని ఆపే ఒక చెయ్యే, పైగా అడగదు, చెప్పదు. వచ్చాక పాఠం మళ్ళీ మొదటి నుంచీ మొదలైతే పిల్లలు గోల. అందుకని ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా దాని పేరుని షేర్డ్ ఆబ్జెక్టులో దాచిపెట్టా. మళ్ళీ తెరిస్తే "ఆగిన చోటు నుంచా, మొదటి నుంచా?" అని అడుగుతుంది. బాబాయికి అన్నిటికన్నా నచ్చింది ఇదే!

తర్వాతి వేసవి సెలవులకి ముందు ఒకరోజు ఆయన క్లాసులో వెనక కూర్చున్నా. తలుపు ప్రశ్న వచ్చింది. తెర ఆగింది. ముందు బెంచీ వాళ్ళు వెంటనే "పడవ మునిగిపోద్దండీ" అన్నారు. బాబాయి ఏమీ అనలేదు. అవునని కాదు, కాదని కాదు. నేను గడియారం చూస్తున్నా. పది సెకన్లు. ఇరవై. నాకే చిరాకేస్తోంది, నొక్కెయ్యొచ్చుగా అని. నలభై దాటాక కిటికీ పక్కన ఒక పిల్ల నెమ్మదిగా, "తలుపు రాదండి. మా ఇంటి దగ్గర తూముకి పలక ఉంటాదండి, అవతల నిండా నీళ్ళుంటే మా నాన్న లాగినా రాదండి" అంది.

నలభై సెకన్లు. ఏ డిజైన్ డాక్యుమెంటులోనూ ఎవరూ రాయని అంకె. రాస్తే రివ్యూలో కొట్టేస్తారు.

తర్వాత చదివితే తెలిసింది, దీని మీద ఎప్పుడో పని జరిగిందని. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో సైన్సు క్లాసులు రికార్డు చేసి చూసింది. టీచరు ప్రశ్న అడిగాక ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, తెలివైనవాళ్ళు అనిపించుకోని పిల్లలు కూడా నోరు విప్పారు. 2001లో మేయర్, చాండ్లర్ అనే ఇద్దరు మెరుపులు ఎలా పుడతాయో చెప్పే బొమ్మల పాఠం తీసుకున్నారు. నిడివి 140 సెకన్లు. దాన్ని 16 ముక్కలు చేసి, ప్రతి ముక్క తర్వాత ముందుకి వెళ్ళే బటను చూసేవాళ్ళకే ఇచ్చారు. ఆపకుండా చూసినవాళ్ళ కన్నా, ముందు అలా తమ నడకన చూసినవాళ్ళు కొత్త సమస్యలు బాగా పరిష్కరించారు. పాఠంలో ఒక్క మాట మారలేదు, ఒక్క బొమ్మ మారలేదు. కదిలించే చెయ్యి మారింది.

ఇక ఫ్లాష్ సంగతి. 2010 ఏప్రిల్లో స్టీవ్ జాబ్స్ బహిరంగంగా దాన్ని తిట్టిపోశాడు, 2017 జులైలో అడోబీ ముహూర్తం పెట్టింది, 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే బొమ్మల్ని నడపడం మానేసింది. ఒక టెక్నాలజీ చచ్చిపోవడం మన ఫీల్డులో వార్త కాదు. కానీ తెలుగులో చేసిన పాఠాలు ఎన్నో ఆ రోజుతో చీకట్లోకి పోయాయి. రఫుల్ అనే ఎమ్యులేటర్ పుణ్యాన పాతవి కొన్ని మళ్ళీ నడుస్తున్నాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరు నుంచీ దాంతోనే ఫ్లాష్ బొమ్మల్ని చూపిస్తోంది. మన సీడీల్లో ఉన్నవాటిని అక్కడికి చేర్చేవాళ్ళెవరు అన్నది వేరే ప్రశ్న.

లాకుల పాఠాన్ని నేను 2021లో మళ్ళీ రాసా, ఈసారి మామూలు హెచ్‌టీఎమ్మెల్‌లో, గొంతు కూడా లోపలే పెట్టి ఒకే ఒక్క ఫైలుగా. సర్వరు అక్కర్లేదు, పెన్‌డ్రైవులో పట్టుకెళ్ళొచ్చు. ఇప్పుడు పనిముట్లు చాలా నయం. వెబ్ యానిమేషన్స్ పద్ధతిలో ప్రతి బొమ్మకీ తన సమయం ఎంతో తెలుసు, దాన్ని చదవొచ్చు, మార్చొచ్చు, వేగం తగ్గించొచ్చు. ముఖ్యంగా, మొదట్లో ఆగే సమయాన్ని డిలేగా ఇస్తే అది టైమ్‌లైనులో భాగం. మధ్యలో ఆపితే ఆ ఎదురుచూపు కూడా ఆగుతుంది, జెండాల లెక్క కొంత తగ్గుతుంది. అదే సెట్‌టైమౌట్ వాడితే 2006 నాటి దెయ్యం మళ్ళీ ప్రత్యక్షం. పేజీలో కదిలేవన్నీ ఒక్క మాటతో పట్టుకునే గెట్‌యానిమేషన్స్ సదుపాయం 2020కి పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చింది, పిల్ల క్లిప్పుల బాధ తీరింది. ఫ్లాష్ పోయిన ఏడాదే ఇది రావడం కాకతాళీయమే అయినా నాకు బావుంది.

గొంతే గడియారం అన్న సూత్రం మాత్రం మారలేదు. ఆడియో ఎక్కడుందో చూసి బొమ్మల్ని అక్కడికి తేవాలి గానీ రెండిటినీ ఒకేసారి వదిలి కలిసి నడుస్తాయిలే అనుకోకూడదు. దానికి టైమ్‌అప్‌డేట్ ఈవెంటుని నమ్ముకోవద్దు, అది మామూలుగా సెకనుకి నాలుగుసార్లే పలుకుతుంది. ప్రతి ఫ్రేములో మనమే అడగాలి. ఇంకోటి, టాబ్ వెనక్కి పోతే బ్రౌజరు టైమర్లని నెమ్మది చేస్తుంది, ఫ్రేములు అడగడం పూర్తిగా మానేస్తుంది. లోపల సెకన్లు లెక్కపెట్టుకునే ప్రోగ్రాముకి అది తెలియదు. గొంతుని అడిగే ప్రోగ్రాముకి తెలుస్తుంది.

ఒకే ఫైలుగా పెట్టుకోవడం ఎంత మంచిదో 2022లో తెలిసింది. ఆ మే 24న జిల్లా పేరు విషయంలో అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో మొబైలు ఇంటర్నెట్ ఆపేశారు, మళ్ళీ వచ్చేసరికి రెండు వారాలకి అటూ ఇటూ అయింది. ఇంటి నుంచి పని చేసుకుంటున్న మనవాళ్ళు లాప్‌టాపులు పట్టుకుని సిగ్నల్ కోసం గోదారి గట్లకీ యానాం వైపుకీ వెళ్ళారని పేపర్లలో చదివాం. ఆపడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు. ఆపే బటను మన చేతిలో లేనప్పుడు ఎలా ఉంటుందో మాత్రం మా జిల్లాలో సాఫ్ట్‌వేరు వాళ్ళందరికీ ఆ రెండు వారాల్లో బాగా తెలిసింది.

ఆ డిసెంబరులోనే రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచారు, తర్వాత క్లాసురూముల్లో పెద్ద ప్యానెళ్ళు వచ్చాయి. ఇప్పుడు పాఠం అంటే ఎక్కువగా వీడియో. వీడియోకి పాజ్ బటను ఎప్పుడూ ఉంటుంది, నిజమే. అంటే ఆపడం వచ్చింది. కానీ ఆగడం పోయింది. ఎక్కడ ఆగాలో వీడియోకి తెలియదు, దాన్ని చేసినవాళ్ళే అక్కడ ఆగే గుర్తు పెట్టాలి. మంచి మాస్టారు ఉంటే ఆయన ఆపుతారు. ఇంట్లో ఒంటరిగా చూసే పిల్లాడికి ఎక్కడ ఆపాలో తెలిస్తే ఇక పాఠమే అక్కర్లేదు కదా.

పిల్లల సంగతి అలా ఉంచి మన సంగతి చూడండి. ఏటా ఆఫీసులో చేయించే సెక్యూరిటీ ట్రైనింగు గుర్తుందా? గడియారం పూర్తయ్యేదాకా నెక్స్ట్ బటను తెరుచుకోదు. చదవడం పది సెకన్లలో అయిపోయినా నిమిషం కూర్చోవాలి. అటు సినిమాల యాపుల్లో తర్వాతి ఎపిసోడు మనం వద్దనేలోపు మొదలైపోతుంది. ఒకచోట కదలనివ్వరు, ఇంకోచోట ఆగనివ్వరు. రెండూ ఒకే రోగం: మనిషి సిద్ధమయ్యాడా అని అడగడం మానేసి సెకన్లు లెక్కపెట్టడం. 2008 డిసెంబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 నియమాల్లోనే ఉంది, దానంతటదే మొదలై ఐదు సెకన్లు దాటి పక్కన కదులుతూ ఉండే దేనికైనా ఆపే వీలు ఇవ్వాలని. కళ్ళు తిరిగేవాళ్ళు, నెమ్మదిగా చదివేవాళ్ళు మనలోనే ఉన్నారు. ఆ నియమం ఎంతమంది చదివారో మన డెమోలు చూస్తే తెలిసిపోతుంది :)

కాబట్టి నా జూనియర్లకి చెప్పేది ఇంతే. పాజ్ అని రాసే ముందు అది ఆగడమా ఆపడమా అని ఒకసారి తెలుగులో అడుగుకోండి. కంటి కోసం అయితే గడియారం పెట్టండి. గొంతు కోసం అయితే గొంతునే అడగండి. బుర్ర కోసం అయితే బటను ఇచ్చి తప్పుకోండి. మనిషి ఆపినదాన్ని మనిషే కదిలించాలి, ఏ టైమరూ కాదు.

బాబాయి రిటైరయ్యి చాలా కాలమైంది. కొత్త పాఠంలో కూడా గొంతు ఆయనదే ఉంచా, అందులో ప్రశ్న తర్వాత ఆయన చిన్నగా దగ్గిన చప్పుడుతో సహా. ఒక టెస్టరు కుర్రాడు అది నాయిస్, తీసెయ్యమన్నాడు. తియ్యలేదు. ఆ దగ్గు విన్నాక ఏ పిల్లాడూ తొందరపడి బటను నొక్కడు.